నెమళ్లగుట్ట మీద గీతలు

ఓబులేసుకు నాలుగేండ్లుగా ఒకటే కడుపుమంట. నెమళ్లగుట్ట మీది నుంచి సైకిలు దింపడంలో తనను కొట్టేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మాట టౌనంతా ఒప్పుకునింది. ఖాదర్ వలీ సారు ఒక్కడే ఒప్పుకోలేదు.

ఒప్పుకోలేదంటే, కాదని వాదించిందీ లేదు. ప్రతి ఆదివారం అందరికంటే చివర గుట్ట దిగొచ్చి, ఒకడికి బ్రేకు తీగ బిగించేవాడు, ఇంకొకడికి మోకాలి గాయం కడిగేవాడు, ఫలానా మలుపు బాగా తిప్పినావురా అని వేరొకడి వీపు తట్టేవాడు. ఓబులేసు కాడికి వచ్చేసరికి మాత్రం "మంచినీళ్లు తాగు నాయనా" అనేవాడు. అంతే. నాలుగేండ్లు అదే మాట. మంచినీళ్లు తాగీ తాగీ ఓబులేసుకు విసుగు పుట్టింది.

సారు గురించి కొంచెం చెప్పాల. హైస్కూల్లో ముప్పై ఏండ్లు డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఈల వేయడం మానేసి ఎన్నేండ్లయినా మెడలో ఈల తాడు మాత్రం వదల్లేదు. గేర్లు లేని పాత నల్ల సైకిలుకు మడ్గార్డులు పీకేసి, వెడల్పాటి హ్యాండిలు బిగించుకుని, ఎవరూ సైకిలెక్కి పోని గొర్రెల బాటలో ఒక్కడే తిరిగేవాడు. అప్పట్లో ఆయనను చూసి జనం నవ్వుకునేవాళ్లు. ఊరికే అనకూడదు గానీ, నవ్వినోళ్లల్లో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత బెంగళూరు నుంచి గేర్ల సైకిళ్లు రావడం మొదలైంది. ఇదంతా ఇరవై ఏండ్ల కిందటి సంగతి. అప్పుడు మా టౌన్లో గేర్ల సైకిలంటే వింత. బజార్లో ఆపితే చాలు, పదిమంది చుట్టూ చేరి, ముందు చక్రం కాడుండే స్ప్రింగులు అదిమి చూసి, టైరు మీది గుబ్బలు గిల్లి చూసి, "ఇన్ని పండ్ల చక్రాలెందుకప్పా, ఒకటి చాలదా" అని అడిగి గానీ వదిలేవాళ్లు కాదు. అట్లాంటి సైకిళ్లున్న కుర్రోళ్లు ఒక్కొక్కరే సారు వెనక చేరినారు. బ్యాంకు క్లర్కు ఒకడు, కరెంటాఫీసు లైన్‌మన్ ఒకడు, కిరాణా అంగడి సుబ్బరాయుడు, కాలేజీ పిల్లోళ్లు, అందరూ కలిసి పదిహేనుమంది అయినారు.

ఆదివారం తెల్లవారేసరికి గుట్ట కింద చేరేవాళ్లు. గంటన్నర ఎక్కుడు, పది నిమిషాల దిగుడు. ఆ పది నిమిషాల కోసం వారమంతా బతికేవాళ్లంటే నమ్మండి. దిగినాక గుట్ట కింద టిఫిను బండి కాడ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నోట్లో దుమ్ము ఇంకా కరకరలాడతా ఉండంగానే తినేవాళ్లు. ఆ రుచి మళ్లా యాడా దొరకలేదని ఆ గుంపులోని వాళ్లు ఈ పొద్దుకీ చెప్పుకుంటారు.

ఇప్పుడు ఆ గుట్టకు తారు రోడ్డు పడింది. పైన సిమెంటు మండపం కట్టినారు. కార్లలో పోయి ఫొటోలు దిగి వస్తారు. అప్పుడు మాత్రం ఉన్నది గొర్రెలోళ్లు నడిచీ నడిచీ పడిన బాట ఒక్కటే. దానికి తొమ్మిది మలుపులు. ఒక్కోదానికి ఒక్కో పేరు. నాలుగోది కలబంద మలుపు. ఆరోది పండ్ల మలుపు, బ్యాంకు క్లర్కు ముందు పండ్లు రెండూ అక్కడే రాలినాయి కాబట్టి. తొమ్మిదోది క్వారీ మలుపు. అక్కడ ఎడమ పక్క పాత రాళ్ల క్వారీ గుంత నోరు తెరుచుకుని ఉంటుంది. ఎంతటోడైనా అక్కడ ఒక కాలు కిందపెట్టి దాటేవాడు.

ఓబులేసు కాలు పెట్టేవాడు కాదు. అదే అతనికి పేరు తెచ్చింది. బస్టాండు ఎదురుగా మామ జిరాక్సు అంగట్లో కూర్చునే మనిషి, వారమంతా కాగితాలు తిప్పేవాడు, ఆదివారం వచ్చేసరికి వేరే మనిషి అయిపోయేవాడు. టమాట లారీ మీద బెంగళూరు నుంచి దించుకున్న ఎర్ర సైకిలు అతనిది. ఒకరు వాడిందే అయినా ముందు షాకబ్సర్లు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు. టైరు అంచున ఉండే గుబ్బలను ఒకటి విడిచి ఒకటి బ్లేడుతో ఏటవాలుగా కోసుకున్నాడు. అట్ల కోస్తే మలుపులో నేలను కొరికి పట్టుకుంటుందని అతని వాదం. ఎవరూ ఆ పని చేయడానికి సాహసించలేదు, టైరు పాడవుతుందని భయం.

అతను దిగుతా ఉంటే పై మలుపు నుంచి కింది దాకా దుమ్ము లేచేది. కింద నిలబడినోళ్లు ఈలలు వేసేవాళ్లు. "క్వారీ మలుపు కాడ నేను బ్రేకు ముట్టను" అని అతను చెప్తే కాలేజీ పిల్లోళ్లు నోరు వెళ్లబెట్టి వినేవాళ్లు. ఇంకేముంది, కండ్లు నెత్తికెక్కినాయి.

ఆ ఎండాకాలంలో ఊటీ నుంచి ఒక ఫారం వచ్చింది. కొండల్లో సైకిలు తొక్కేవాళ్లకు పది దినాల క్యాంపు. అందులో మెరుగనిపించినోళ్లను పెద్ద పోటీలకు పంపుతారు. ఇరవై నాలుగేండ్లు నిండినోళ్లను తీసుకోరు. ఓబులేసుకు ఆ శ్రావణంలో ఇరవై నాలుగు నిండుతాయి. అంటే ఈ ఏడు పోతే పోయినట్టే. ఫారం అడుగున ఒక గీత గీసి, నేర్పిన గురువు సంతకం అని రాసి ఉంది. శనివారానికల్లా అది ఊటీ చేరాల.

సంతకం కోసం ఓబులేసు మూడుసార్లు సారు ఇంటికి పోయినాడు. మొదటిసారి పోతే సారు చూద్దాంలే అన్నాడు. రెండోసారి పోతే టీ తాగించి పంపినాడు. మూడోసారి ఆదివారం, గుట్ట దిగిన తర్వాత, చెమట ఆరకముందే పోయినాడు. సారు వాకిట్లో ట్యూబును నీళ్ల బేసిన్లో ముంచి బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తా ఉన్నాడు. ఓబులేసు ఇక ఆగలేకపోయినాడు. నాలుగేండ్ల కడుపుమంట అంతా ఒక్కసారి బయటపడింది. తనకంటే వేగంగా దిగేవాడు ఎవడున్నాడో చూపించమన్నాడు. సుబ్బరాయుడికి సైతం భేష్ అంటారు, తనకు మాత్రం మంచినీళ్లేనా అన్నాడు.

"నాలో ఏం తక్కువుందో ఒక్క మాట చెప్పండి సార్. సంతకం పెట్టకపోయినా ఏమనుకోను."

సారు ట్యూబు పైకెత్తి తుడిచినాడు. కోపం లేదు, నవ్వు లేదు.

"రేపు పొద్దున రా. సైకిలు తేవద్దు."

సోమవారం ఓబులేసు ఫారం మడిచి జేబులో పెట్టుకుని గుట్ట కిందికి పోయినాడు. సైకిలు లేకుండా ఆ గుట్ట కాడికి రావడం అతనికి అదే మొదలు. ఎదురుగా సారు వస్తా ఉన్నాడు. భుజాన పార, ఒక చేతిలో ఖాళీ గంప, ఇంకో చేతిలో నీళ్ల క్యాను. ఓబులేసు క్యాను అందుకున్నాడు. ఇద్దరూ నడిచి ఎక్కడం మొదలుపెట్టినారు.

పైదాకా పోయి, బాట మొదలయ్యే చోట మట్టి తవ్వి గంపలో పోసుకుని, అక్కడి నుంచి కిందికి దిగినారు. మొదటి మలుపు కాడ సారు ఆగినాడు. నేల మీద ఒక గీత. వెనక చక్రం తిరగడం ఆగిపోయి, బిగుసుకుపోయి, ఈడ్చుకుంటా పోయిన గీత. నాలుగు వేండ్ల వెడల్పు, పిడికిలి పట్టేంత లోతు.

సారు గొంతుక్కూర్చుని పని మొదలుపెట్టినాడు. అట్లాంటి గీతలో ఊరికే మట్టి పోస్తే నిలవదు. ముందు గెలకాల, తడపాల, గులకరాళ్లు అడ్డంగా పేర్చాల, ఆ పైన మట్టి పోసి మడమతో తొక్కాల. వదిలేస్తే తొలివానకు నీళ్లు ఆ గీత పట్టుకునే దిగుతాయి. రెండో వానకు అది కాలవ అవుతుంది. ఆ తర్వాత బాట అనేది ఉండదు, గొర్రెల కాళ్లు విరుగుతాయి. బాటను చెడగొట్టబోమనే మాట మీదనే గొర్రెలోళ్లు ఈ సైకిళ్లోళ్లను గుట్ట ఎక్కనిచ్చినారు. ఇదంతా సారు పని చేసుకుంటానే, ఏదో వంట చెప్పినట్టు చెప్పినాడు.

రెండో మలుపు కాడా అట్లాంటిదే. మూడో మలుపు కాడ ఇంకా పొడుగైంది. ఓబులేసుకు నవ్వొచ్చింది.

"ఎవడు సార్ ఈ పిరికోడు? మలుపు కనపడగానే ప్రాణం పోయినట్టు బ్రేకు బిగించినాడు. సుబ్బరాయుడేనా?"

సారు నీళ్లు పోయమని చెయ్యి చూపినాడు.

కలబంద మలుపు కాడ సారు పక్కకు తప్పుకుని పార ఓబులేసు చేతికిచ్చినాడు. ఓబులేసు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గీత చివర, చక్రం మళ్లా తిరగడం మొదలైన చోట, మట్టి కొంచెం మెత్తగా ఉండి, టైరు గుబ్బల అచ్చు చెక్కుచెదరకుండా నిలిచింది. గెలకడానికి పార ఎత్తినవాడు ఆగిపోయినాడు. ఒక గుబ్బ నిండుగా ఉంది. దాని పక్కది ఏటవాలుగా కోసి ఉంది. మళ్లా ఒకటి నిండుగా, మళ్లా ఒకటి కోసి.

అట్లాంటి టైరు ఆ టౌన్లో ఒక్కటే ఉంది.

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. ఆ గీత పూడ్చినాడు. తర్వాతి మలుపుకు సారు కంటే ముందు పోయినాడు, ఇక్కడైనా వేరేవాడిది ఉంటే బాగుండునని. వేరేవాళ్లవీ ఉన్నాయి, గీరినట్టు, పైపైన. లోతుగా దిగింది మాత్రం తనదే. పండ్ల మలుపు కాడా తనదే. ఏడో మలుపు, ఎనిమిదో మలుపు, అన్నీ తనవే. ఇన్నేండ్లు దుమ్ము లేచిందని ఈలలు వేసినారే, ఆ దుమ్మంతా ఇదే.

క్వారీ మలుపు కాడికి వచ్చేసరికి ఎండ ముదిరింది. అక్కడి గీత మనిషి పొడుగు ఉంది. మలుపులో మొదలైంది కాదది. మలుపుకు చాలా ఎగువన, క్వారీ గుంత మొదటిసారి కంటపడే చోట మొదలైంది. ఓబులేసు ఆ చోట నిలబడి గుంతలోకి చూసినాడు. అక్కడ తను బ్రేకు ముట్టనని నాలుగేండ్లుగా అందరికీ చెప్తా ఉన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అట్ల నమ్మినాడు. గుంత కనపడిన ప్రతిసారీ తన వేండ్లు తనకు చెప్పకుండా బిగుసుకుంటా ఉన్నాయని ఆ పొద్దే తెలిసింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

సారు ఆయన పాటికి ఆయన గులకరాళ్లు ఏరుతున్నాడు. ఆ చేతులను ఓబులేసు మొదటిసారి సరిగ్గా చూసినాడు. గోళ్ల సందుల్లో ఎర్రమట్టి. అది ఆ పొద్దు పట్టిన మట్టి కాదు, ఎన్నాళ్లదో.

"ప్రతి సోమవారం వస్తారా సార్?"

"వస్తా."

"ఎన్నాళ్ల నుంచి?"

సారు రాయి ఒకటి అమర్చి, సరిగ్గా కూర్చునిందా లేదా అని బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

"నువ్వు మాతో చేరినప్పటి నుంచి."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉండింటే ఓబులేసు తట్టుకునేవాడే. అది లేదు. అడిగినదానికి జవాబు, అంతే. ఓబులేసు తల వంచుకుని మట్టి పోసినాడు, తొక్కినాడు, మళ్లా పోసినాడు.

కిందికి దిగినాక సారు క్యానులో మిగిలిన నీళ్లతో చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, చెయ్యి చాపినాడు.

"కాగితం తెచ్చినావా? ఇయ్యి, పెడతా."

ఓబులేసు జేబులోకి చెయ్యి పోనిచ్చినాడు. ఫారం మడతలు చేతికి తగిలినాయి. దాని కోసం ఎన్ని రాత్రులు కలలు కన్నాడో అతనికే తెలుసు. సంతకం ఒక్కటి పడితే చాలు, ఊటీలో ఆ గీతలు చూసేదెవరు?

"ఉండనీండి సార్" అన్నాడు.

సారు బలవంతపెట్టలేదు. చాపిన చేతిని ఓబులేసు భుజం మీద ఒక్క క్షణం ఉంచి, పార తీసుకుని పోయినాడు.

శనివారం గడిచిపోయింది. వాళ్లమ్మ నెత్తి కొట్టుకునింది. చేతికందినదాన్ని కాలదన్నుకున్నాడని మామ అంగట్లో వచ్చినోళ్లకూ పోయినోళ్లకూ చెప్పి బాధపడినాడు. ఓబులేసు ఊటీ ఆ ఏడూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు. ఆ శ్రావణంలో ఇరవై నాలుగు నిండిన పొద్దు అంగడి వెనక నిలబడి ఏడ్చినాడు కూడా. ఏడ్చి, మొగం కడుక్కుని, సోమవారం వచ్చేసరికి గుట్ట కాడికి పోయినాడు.

ఆదివారాలు చూడాల అప్పుడు. ఈలలు లేవు, దుమ్ము లేదు. ఎర్ర సైకిలు మీద ఓబులేసు పెళ్లికూతురు నడిచినట్టు దిగొస్తా ఉంటే కాలేజీ పిల్లోళ్లు దాటిపోతా "అన్నా, టైరులో గాలుందా?" అని ఆటపట్టించేవాళ్లు. సుబ్బరాయుడు దాటిపోయిన పొద్దయితే టౌనంతా అదే మాట, బియ్యం తూచే మనిషి ఓబులేసును కొట్టేసినాడని. పోయిన ఏడైతే ఓబులేసు ఆ మాటకు సైకిలు అమ్మేసుండేవాడు. ఇప్పుడు మూతి ముడుచుకుని ఉగ్గాని తిని, మరుసటి పొద్దున తన గంప తాను ఎత్తుకుని గుట్ట ఎక్కేవాడు. నిదానంగా దిగినా క్వారీ మలుపు కాడ గీత పడతానే ఉండె. జానెడు తగ్గేది, మళ్లా వారం బెత్తెడు పెరిగేది.

ఆ సోమవారాల్లో సారు సైకిలు గురించి ఒక్క మాటైనా నేర్పలేదు. పాత ముచ్చట్లు చెప్పేవాడు. పెండ్లయిన కొత్తలో భార్య బేగంను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఈ గుట్ట ఎక్కిద్దామని బయల్దేరినాడంట. కింది నుంచి రెండు మలుపులు ఎక్కేసరికి ఆమె దిగి నడక మొదలుపెట్టి, సారు సైకిలు తోసుకుంటా పోయేసరికి పైన కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తినేస్తా ఉండిందంట. చెప్పి తనే నవ్వేవాడు. ఆమె పోయి అప్పటికి రెండేండ్లు. నవ్వినాక మట్టి పనిలో పడిపోయేవాడు. ఓబులేసు రాళ్లు అందించేవాడు. ఆ పొద్దులను ఓబులేసు ఇప్పటికీ తలుచుకుంటాడు. జిరాక్సు అంగడి పోయి సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది, నెత్తి నెరిసింది, సారు లేడు, బాట లేదు. అయినా సోమవారం పొద్దున మెలకువ వస్తే ఒక్క నిమిషం కాళ్లు గుట్ట దిక్కే లాగుతాయంటాడు.

ఆ ఏడు వానలు వచ్చినాయి, పోయినాయి. బాట నిలిచింది. కార్తీకం వచ్చేసరికి వేగం దానంతట అదే తిరిగి వస్తా ఉండింది. ఓబులేసు దాన్ని పిలవలేదు, వద్దనీ అనలేదు.

ఒక ఆదివారం సారు గుట్టకు రాలేదు. ప్రొద్దుటూరులో కూతురింటికి పోయినాడు. ఆ పొద్దు ఓబులేసు ఎట్ల దిగినాడో చూసినోళ్లు సరిగ్గా చెప్పలేకపోయినారు. దుమ్ము లేవలేదు కాబట్టి వస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు. రెండోవాడు పండ్ల మలుపులో ఉండంగానే ఓబులేసు కింద బండి కాడ నిలబడి నీళ్లు తాగతా ఉన్నాడు. సుబ్బరాయుడు వచ్చి అతన్ని ఒకసారి తేరిపార చూసి సైకిలు స్టాండు వేసినాడు.

మరుసటి పొద్దున సారు ప్రొద్దుటూరు బస్సు దిగి, సంచి ఇంట్లో పడేసి, నేరుగా గుట్ట కాడికి వచ్చినాడు. ఓబులేసు గంపతో ఉన్నాడు. ఇద్దరూ పైకి పోయి పని చేసుకుంటా దిగినారు. ఆదివారం సాయంత్రం గొర్రెలు ఆ బాటన పోయినట్టుంది. చక్రాల అచ్చులన్నీ గిట్టల కింద కలిసిపోయినాయి. లోతుగా దిగిన గీతలు మాత్రం మిగిలినాయి. కాలేజీ పిల్లోళ్లవి రెండు, లైన్‌మన్‌ది ఒకటి. వాటిని పూడ్చినారు. సారు ప్రతి మలుపు కాడా అలవాటుగా వంగి చూస్తున్నాడు, ఏమీ లేకుంటే ముందుకు పోతున్నాడు. ఓబులేసు ఆదివారం సంగతి ఎత్తలేదు.

క్వారీ మలుపు కాడ సారు పార దించినాడు. నేలకేసి చూసినాడు. గుంత మొదట కంటపడే చోటికి ఎగువకు నడిచి, అక్కడ గొంతుక్కూర్చుని అరచేత్తో నేల తడిమినాడు, గీత లేదు. మళ్లా కిందికి వచ్చి మలుపు లోపలి అంచు చూసినాడు, బయటి అంచు చూసినాడు. నడుము మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా లేచి ఓబులేసు దిక్కు తిరిగినాడు. మొగంలో నిజంగానే బెంగ.

"నిన్న నువ్వు రాలేదా నాయనా? ఒళ్లు బాగలేదా?"

ఓబులేసుకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"వచ్చినా సార్. అందరికంటే ముందు దిగినా."

సారు మళ్లా నేలకేసి చూసినాడు. చాలాసేపు చూసినాడు.